గేటు తాళం ఎవరి చేతిలో?

కొత్త అడ్మిషన్లు మొదలయ్యాయంటే విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్శిటీ చుట్టుపక్కల వీధుల్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. పెదవాల్తేరు, చినవాల్తేరు, శివాజీపాలెం, మద్దిలపాలెం, లాసన్స్‌బే కాలనీ, ఎం.వి.పి. కాలనీ వీధుల్లో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు భుజాన సంచీలు వేసుకుని ఒక్కో గేటు దగ్గరా ఆగుతూ పోతుంటారు. గేటుకు టూలెట్ బోర్డు వేలాడుతుంటుంది. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో రెండు ముక్కలుంటాయి: 'ఫ్యామిలీలకు మాత్రమే', 'వెజిటేరియన్లకే', 'బాచిలర్లకు ఇవ్వబడదు'. పెళ్ళికాని ఆడవాళ్ళు, పెళ్ళయి విడిపోయిన ఆడవాళ్ళు, భర్త వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న ఆడవాళ్ళు అందరూ ఇంటివాళ్ళ భాషలో బాచిలర్లే. బోర్డు మీద రాయని షరతులు ఇంకా చాలా ఉంటాయి. అవి గేటు తీశాక తెలుస్తాయి.

ఈ సంచికకు సంపాదకీయం దేనిమీద రాయాలా అని మేము మాట్లాడుకుంటున్న రోజుల్లోనే ఒక రీసెర్చ్ స్కాలర్ మా దగ్గరకు వచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న ఊరు ఆమెది. వయసు ముప్ఫై దాటింది. భర్త నుంచి విడిపోయి, ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టింది. హాస్టల్లో సీటు దొరకలేదు. ఇంకో స్నేహితురాలితో కలిసి ఇల్లు వెతకటం మొదలుపెట్టింది. పేరు రాయవద్దన్నది. ఆమె చెప్పినవి మాత్రం రాయమన్నది.

పదకొండు ఇళ్ళు తిరిగారట. "ఎవరి తాలూకు అమ్మా మీరు?" అన్న ప్రశ్నతో మొదలయ్యేది. తర్వాత నాన్నగారేం చేస్తారు, అన్నదమ్ములున్నారా, పెళ్ళయిందా, అయితే ఆయనేరీ, కాకపోతే ఎందుకు కాలేదు, ఇంటిపేరేమిటి, మాంసం చేపలు తింటారా. ఈ చివరి రెండు ప్రశ్నలూ కులం అడగటానికి మర్యాదస్తులు కనిపెట్టిన పద్ధతి. దానితో తేలకపోతే సూటిగానే, "ఏమనుకోకమ్మా, మీరేమిటోళ్ళు?" అని అడిగిన వాళ్ళూ ఉన్నారు. అద్దె ఎంత ఇవ్వగలరు, నెల మొదట్లో ఇవ్వగలరా అన్న ప్రశ్న అన్నిటికన్నా ఆఖరున వచ్చేది. కొన్ని ఇళ్ళలో అక్కడిదాకా మాట వెళ్ళనేలేదు.

చివరికి ఒక మేడమీద వాటా దొరికింది. ఒక గది, వంటిల్లు, బాల్కనీ. రెండు నెలల అద్దె అడ్వాన్సు, బ్రోకరుకు ఒక నెల అద్దె. షరతులు నోటిమాటగా చెప్పారు. రాత్రి తొమ్మిదింటికి గేటుకు తాళం. మగవాళ్ళెవరూ మెట్లెక్కకూడదు, సొంత తమ్ముడైనా సరే. చేపలు వండకూడదు. వీధివైపు బాల్కనీలో బట్టలు ఆరెయ్యకూడదు. ఊరికి వెళ్తే ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పి వెళ్ళాలి. చేపల సంగతి చెబుతూ ఆమె నవ్వింది. పెదజాలారిపేట అక్కడికి ఎంతో దూరం లేదు. చేపలమ్మే అక్కలు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ వీధిలోంచే వెళ్తారు. సముద్రపు గాలి ఏ కిటికీనీ ఏమిటోళ్ళని అడగదు. అద్దెకున్న ఆడపిల్ల పొయ్యి మీదకు మాత్రం చేప రాకూడదు.

ఎనిమిది నెలలు ఆ షరతులన్నీ పాటించింది. ల్యాబులో పని తొమ్మిది దాటే రోజుల్లో అక్కడే ఎవరి గదిలోనో తల దాచుకుని తెల్లవారాక ఇంటికొచ్చేది. ఒకనాటి సాయంత్రం పెద్ద వాన. ఆటోలు లేవు. తోటి స్కాలర్ ఒకతను మోటారుసైకిలు మీద గేటు దాకా దింపి వెళ్ళాడు. మర్నాడు ఉదయం ఇంటివారి నుంచి కబురు: వారంలో ఖాళీ చెయ్యాలి. కారణం చెప్పలేదు. నలుగురూ ఏమనుకుంటారు అని మాత్రం అన్నారు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో సగానికి పైగా కోసుకున్నారు. గోడలకు సున్నం, బాల్కనీ గ్రిల్లు తుప్పు పట్టింది, కిటికీ బందులు ఊడిపోయాయి అని లెక్క చెప్పారు. కాగితం లేదు కాబట్టి ఎదురు లెక్క చెప్పటానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

ఆమె మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "నేను నెలనెలా అద్దె కట్టానండీ, ఒక్క రోజు ఆలస్యం చెయ్యలేదు. మరి ఆ డబ్బుకి నాకిచ్చిందేమిటి? నాలుగు గోడలిచ్చారు. గేటు తాళం వాళ్ళ దగ్గరే ఉంది. నా రాకపోకలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. నా శీలం గురించి తీర్పు చెప్పే అధికారం కూడా అద్దెతో కలిపి వాళ్ళకే ఇచ్చేశానా?"

ఈ సంపాదకీయం ఆ ప్రశ్న గురించే.

ఇల్లు అద్దెకివ్వటం మామూలుగా ఒక ఒప్పందం. ఒకరు డబ్బిస్తారు, ఇంకొకరు కొంతకాలం వాడుకునే హక్కు ఇస్తారు. మగవాడి విషయంలో, ముఖ్యంగా పెళ్ళయిన మగవాడి విషయంలో అది ఒప్పందంగానే ఉంటుంది. ఒంటరి స్త్రీ అద్దెకు అడిగేసరికి అది ఒప్పందంగా ఉండటం మానేసి సంరక్షణగా మారిపోతుంది. ఇంటివారు తండ్రి స్థానంలోకో, అత్తగారి స్థానంలోకో వచ్చి కూర్చుంటారు. పుట్టింటి గడప దాటి చదువుకోసం వచ్చిన స్త్రీకి ఊళ్ళో ఇంకో గడప సిద్ధంగా ఉంటుంది. తేడా ఏమిటంటే ఈ గడపకు ఆమె నెలనెలా డబ్బు కట్టాలి.

దీనికంతటికీ చెప్పే కారణం భద్రత. "మీ మంచికే కదమ్మా" అంటారు. భద్రత అక్కరలేదని మేమనటం లేదు. వీధి దీపాలు వెలగని రోడ్ల మీద రాత్రిపూట నడిచే భయం ఏమిటో స్త్రీలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ తొమ్మిదింటికి గేటు తాళం వేస్తే ఎవరికి భద్రత? పది నిమిషాలు ఆలస్యమైన ఆడపిల్ల గేటు బయట, చీకటి రోడ్డు మీద నిలబడుతుంది. తాళం ఆమెను కాపాడటం లేదు. ఆ ఇంటి పరువును కాపాడుతోంది. భద్రత పేరు చెప్పి పరువుకు కాపలా కాయటం మన కుటుంబాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. అద్దె ఇల్లు ఆ కాపలాను ఊరంతటికీ పరిచింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మనం నిజాయితీగా ఉన్నట్టు కాదు. ఆ ఇంటి యజమాని కూడా స్త్రీయే. భర్త పోయాడు. పెన్షను చాలదు. పైవాటా అద్దె మీదే ఆమె మందులూ, బతుకూ నడుస్తాయి. కొడుకు దూరాన ఉన్నాడు. ఏదైనా జరిగితే పోలీసులు వస్తారేమో, వీధివాళ్ళు మాటలంటారేమో, తర్వాత 'మంచి ఫ్యామిలీ' ఎవరూ అద్దెకు రారేమోనన్న భయం ఆమెది. ఆమె కూడా ఒంటరి స్త్రీయే. ఆమె రాకపోకల్ని కూడా వీధి లెక్కపెడుతూనే ఉంటుంది. గేటుకు అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరు స్త్రీలనూ భయపెడుతున్నది ఒకటే. అయితే ఆ భయానికి మూల్యం మాత్రం ఒక్కరే చెల్లిస్తున్నారు. పితృస్వామ్యం ఎప్పుడూ మగవాడి గొంతుతోనే మాట్లాడదు. ఒక్కోసారి ఒక స్త్రీ చేతికి తాళంచెవి ఇచ్చి ఇంకో స్త్రీకి కాపలా పెడుతుంది. ఈ సంగతి అర్థం చేసుకోకుండా ఇంటివాళ్ళను తిట్టిపోయటం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

స్త్రీల చదువుకు గది అడ్డం రావటం ఇవాళ్టి సంగతి కాదు. ఆంధ్రా యూనివర్శిటీ 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు వచ్చింది. ఆ దశాబ్దంలోనే దుర్గాబాయి, తర్వాత కాలంలో మనకు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా తెలిసిన ఆవిడ, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళివచ్చి రాజనీతిశాస్త్రం చదవాలని ఇక్కడికి వచ్చారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు ఇవ్వటం కుదరదని వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి చెప్పారు. ఆవిడ వెనక్కి వెళ్ళిపోలేదు. చదువుకోవాలని ఉండీ హాస్టల్ లేక ఆగిపోయిన ఆడపిల్లలు తనకు రాయవలసిందని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. అలా వచ్చిన వాళ్ళతో కలిసి ఒక ఇల్లు చూసుకుని తామే హాస్టల్ నడుపుకున్నారు. సీటు సంపాదించారు. తర్వాత న్యాయశాస్త్రం చదివి రాజ్యాంగ సభలో కూర్చున్నది ఆవిడే.

ఈ కథను మనం ఒక గొప్ప స్త్రీ పట్టుదల కథగా చెప్పుకుంటూ వస్తున్నాం. అందులో ఇంకో విషయం ఉంది. ప్రతిభ ఉన్నా, అర్హత ఉన్నా, పడుకోవటానికి చోటు లేదన్న ఒక్క కారణంతో స్త్రీని చదువు నుంచి తప్పించవచ్చు. ఆ కారణం చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కానక్కరలేదు. రామలింగారెడ్డి గారు స్త్రీ విద్యకు శత్రువు కాదు. అయినా గది లేకపోవటమే ఒక నిషేధంగా పనిచేసింది. ఇవాళ యూనివర్శిటీలో స్త్రీలకు హాస్టళ్ళున్నాయి. కానీ సీటు అందనివాళ్ళకు, కోర్సు గడువు దాటినా పరిశోధన పూర్తికాని వాళ్ళకు, బిడ్డను వెంటపెట్టుకుని చదువుకునే తల్లులకు, కాంట్రాక్టు ఉద్యోగం చేసే అధ్యాపకురాళ్ళకు ఆ పాత నిషేధం ఊళ్ళో టూలెట్ బోర్డుల కింద ఇంకా బతికే ఉంది.

హాస్టళ్ళ విషయంలో కొంత పోరాటం జరిగింది. ఢిల్లీలో 2015లో ఆడపిల్లలు 'పింజ్రా తోడ్' పేరుతో హాస్టల్ కర్ఫ్యూల మీద ఉద్యమం నడిపారు. పంజరాన్ని పగలగొట్టండని దాని అర్థం. లైంగిక వేధింపుల నివారణ కోసం యు.జి.సి. చేసిన 2015 నిబంధనలు ఒక మాట స్పష్టంగా చెబుతున్నాయి: విద్యార్థినుల భద్రత పేరు చెప్పి, మగపిల్లలకు లేని ఆంక్షలను ఆడపిల్లల హాస్టళ్ళలో పెట్టకూడదు. కాగితం మీద మంచి మాటే. అమలు సంగతి ప్రతి హాస్టల్లో ఉన్నవాళ్ళకూ తెలుసు. అయితే ఆ మాట క్యాంపస్ ప్రహరీగోడ దగ్గర ఆగిపోతుంది. గోడకు అవతల అద్దె ఇంట్లో ఉన్న విద్యార్థిని ఎవరి బాధ్యతా కాదు. యూనివర్శిటీ ఆమె హాజరు లెక్కపెడుతుంది, ఆమె ఎక్కడ పడుకుంటుందో అడగదు.

మరి చట్టం ఏమంటుంది?

ఇళ్ళ అద్దెల మీద మనకు చట్టాలు లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం అద్దె ఎంత ఉండాలి, ఎప్పుడు ఖాళీ చేయించవచ్చు అన్నవాటి గురించి మాట్లాడింది. కేంద్ర ప్రభుత్వం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది. నివాసానికిచ్చే ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకుండా యజమాని లోపలికి రాకూడదని, అదీ ఉదయం ఏడింటికి ముందూ రాత్రి ఎనిమిదింటి తర్వాతా కాదని, నీళ్ళూ కరెంటూ ఆపకూడదని, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని అందులో ఉంది. నమూనా చట్టం తనంత తాను అమలుకాదు, రాష్ట్రాలు ఆ మేరకు చట్టం చేసుకోవాలి. ఇవన్నీ ఇల్లు దొరికినవాళ్ళకు పనికివచ్చే విషయాలు. ఇల్లే ఇవ్వనంటే? ఒంటరి స్త్రీ అని, ఫలానా కులమని, ఫలానా మతమని ఇవ్వకపోతే? ఆ ప్రశ్న దగ్గర నమూనా చట్టం కూడా మౌనంగా ఉండిపోయింది.

రాజ్యాంగంలోని 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో, బావుల దగ్గర కుల, మత, లింగ వివక్ష కూడదంటుంది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదు. తలదాచుకునే చోటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పింది. అదే కోర్టు 2005లో, ఒక హౌసింగ్ సొసైటీ తన సభ్యత్వాన్ని ఒక్క మతం వారికే పరిమితం చేసుకునే నియమాన్ని సమర్థించింది. కులం పేరుతో నలుగురిలో దూషిస్తే అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. "ఇప్పుడే ఇంకెవరికో ఇచ్చేశామమ్మా" అని మెత్తగా చెప్పి గేటు వేస్తే ఏ చట్టమూ అంత తేలిగ్గా పట్టుకోలేదు. వివక్ష ఎంత మర్యాదగా ఉంటే చట్టానికి అంత దూరంగా ఉంటుంది.

ప్రైవేటు ఇళ్ళ విషయంలో చట్టం చెయ్యటం సాధ్యం కాదు, ఎవరి ఇల్లు వాళ్ళ ఇష్టం అని కొందరు అంటారు. అది నిజం కాదు. హెచ్.ఐ.వి. ఉన్నవారి హక్కుల కోసం 2017లో వచ్చిన చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం 2019లో వచ్చిన చట్టం ఇల్లు అద్దెకు తీసుకునే హక్కు విషయంలో వివక్ష చూపకూడదని పేరుపెట్టి చెప్పాయి. ఆ చట్టాల్లో మనకు అభ్యంతరాలుండవచ్చు, వాటి అమలు గురించి చెప్పుకోవలసింది చాలా ఉండవచ్చు. కానీ 'అద్దె' అన్న మాటను వివక్ష జాబితాలో రాయవచ్చని పార్లమెంటు రెండుసార్లు ఒప్పుకుంది. అదే వాక్యాన్ని స్త్రీల కోసం, దళితుల కోసం, మైనారిటీల కోసం రాష్ట్రాల అద్దె చట్టాల్లో ఎందుకు రాయకూడదు? స్త్రీల సంఘాలన్నీ కలిసి అడగవలసిన ప్రశ్న ఇది.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. ఉన్న చట్టంలోనే మనకు తెలియని బలం కొంత ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అద్దె సక్రమంగా చెల్లిస్తున్న మనిషి ఆ చోటును ఎవరి ఆటంకమూ లేకుండా అనుభవించవచ్చు. వేరే ఒప్పందమేదీ లేకపోతే నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చెయ్యమనటానికి పదిహేను రోజుల నోటీసు కావాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు, మనిషి చేతిలో లేని విపత్తు వల్ల కలిగిన నష్టానికి అద్దెదారు బాధ్యులు కారు. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోవాలి. ఉప్పుగాలికి గ్రిల్లు తుప్పు పట్టటం అద్దెకున్న ఆడపిల్ల చేసిన నేరం కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని కిటికీ అద్దాలు పగిలాయో మనం చూశాం. అలాంటి నష్టాన్ని అడ్వాన్సులో కోసుకోవటం అన్యాయం. తుపాను వల్ల ఇల్లు నివాసానికి పనికిరాకుండా దెబ్బతింటే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా అద్దెదారుకు ఆ చట్టమే ఇచ్చింది. చట్టబద్ధమైన పద్ధతి లేకుండా సామాను బయట పడేసి తాళం వేస్తే, ఆరు నెలల లోపు కోర్టుకు వెళ్ళి ఇంటిని తిరిగి స్వాధీనం చెయ్యమని కోరవచ్చు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఆ వీలుంది.

ఇంకో విషయం. ఇంట్లో రహస్యంగా చూడటం, కెమెరాలు పెట్టటం, వెంటపడటం, లైంగికంగా వేధించటం ఇంటివారు చేసినా, వాళ్ళ బంధువులు చేసినా నేరమే. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 75, 77, 78 సెక్షన్లు వీటి గురించే. అద్దెకున్నామని సహించనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 15100 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. ఆపదలో 112, సలహాకూ సహాయానికీ 181.

అయితే ప్రైవేటు లేడీస్ హాస్టళ్ళలో, పి.జి.లలో ఉండేవాళ్ళ పరిస్థితి ఇంకా బలహీనం. ఒక గదిలో నాలుగు మంచాలు, మంచానికింత అని వసూలు చేసే చోట్ల ఉండేవాళ్ళను చట్టం సాధారణంగా అద్దెదారులుగా చూడదు. అనుమతి మీద ఉంటున్నవాళ్ళుగానే చూస్తుంది. అందుచేత పైన చెప్పిన రక్షణల్లో చాలావరకు వాళ్ళకు అందవు. ఇల్లు దొరకని ఒంటరి స్త్రీలు చివరికి చేరేది అక్కడికే. అంటే వివక్ష వాళ్ళను మెల్లగా హక్కులు తక్కువగా ఉన్న చోటుకు తోసేస్తోంది.

మేము అడుగుతున్నవి పెద్ద విషయాలేమీ కావు. యూనివర్శిటీ తన విద్యార్థినుల బసను తన బాధ్యతగా గుర్తించాలి. క్యాంపస్ చుట్టుపక్కల ఇళ్ళ జాబితా, ఒక నమూనా ఒప్పంద పత్రం, గొడవ వస్తే రెండు పక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడే ఒక చిన్న విభాగం ఏర్పాటు చెయ్యటానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ఆ ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, నోటీసు గడువు, మరమ్మతులు ఎవరివి, నీటికీ కరెంటుకూ ఎంత అన్నవి రాయాలి. గేటు తాళంచెవి ఒకటి అద్దెదారుకు ఇవ్వాలని కూడా రాయాలి. కాగితం ఇంటి యజమానురాలికీ రక్షణే. "ఎవరేమనుకుంటారో" అన్న భయం స్థానంలో ఒక రాత ఉంటుంది, పక్కన యూనివర్శిటీ ఉంటుంది. వేలిచ్చి అద్దెకు తీసుకునే స్త్రీని అనుమానించే బదులు, రాత్రి పదింటికి సిటీ బస్సు ఎందుకు రాదు, వీధి దీపం ఎందుకు వెలగదు అని ఇద్దరూ కలిసి అధికారులను అడగవచ్చు. భద్రత కావలసింది అక్కడ.

చివరగా మన మాట. ఈ సంపాదకీయం చిత్తుప్రతి మా సమావేశంలో చదివినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాలో ఒకరు, ఎన్నో ఏళ్ళుగా స్త్రీల హక్కుల గురించి పనిచేస్తున్నవారు, నెమ్మదిగా చెప్పారు. "మా కిందివాటా అడగటానికి పోయినేడు ఒకావిడ వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం. ఒక పాప. 'మీవారెక్కడుంటారు' అని నేనూ అడిగాను. ఆవిడ మొహం చూశాక అర్థమైంది నేనేమడిగానో. అప్పటికే ఆవిడ గేటు దాకా వెళ్ళిపోయింది." ఆ మాట చెప్పటానికి ధైర్యం కావాలి. అది విన్నాక మిగిలిన మేమంతా మా మా ఇళ్ళను తలుచుకున్నాం.

ఈ పత్రిక చదివే మీలో అద్దెకున్నవారూ ఉంటారు, అద్దెకిచ్చేవారూ ఉంటారు. అద్దెకున్నవారు మిమ్మల్ని గేటు దగ్గర అడిగిన ప్రశ్నలు, పెట్టిన షరతులు, పోగొట్టుకున్న అడ్వాన్సుల వివరాలు మాకు రాయండి. పేర్లు లేకుండానే వచ్చే సంచికలో వేస్తాం. వాటిని యూనివర్శిటీ ముందూ, మహిళా కమిషన్ ముందూ పెడతాం. అద్దెకిచ్చేవారికి ఒక మనవి. ఈసారి ఇల్లు ఖాళీ అయినప్పుడు బోర్డు రాసేముందు ఒక్క నిమిషం ఆగండి. 'ఫ్యామిలీలకు మాత్రమే' అన్న మాట దగ్గరకు వచ్చాక, ఆ స్త్రీ ఎక్కడికి వెళ్తుందో ఆలోచించండి. ఒకప్పుడు గది లేదని వెనక్కి పంపిన స్త్రీ రాజ్యాంగ సభ దాకా వెళ్ళింది. ఆవిడకు పత్రికలో ప్రకటన ఇచ్చే తెగువ ఉంది. అందరికీ ఆ తెగువ ఉండాలని అడిగే హక్కు మనకు లేదు.

మా దగ్గరకు వచ్చిన ఆమె ఇప్పుడు ఇంకో ఇంట్లో ఉంది. మేము ఇద్దరం వెంట వెళ్ళాం. ఒప్పందం రాయించాం. అద్దె పాత ఇంటికన్నా కొంచెం ఎక్కువే. థీసిస్ రాస్తోంది. గేటు తాళంచెవి ఆమె దగ్గర ఒకటి ఉంది.

— సంపాదకవర్గం